చెరుకు ట్రాలీ బరువు ఎక్కడ పడాలి?

ఎడ్లబండి తోలినవారికి ఒక సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. బండిలో బరువు ముందుకు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలమీద కూర్చుంటుంది. వెనక్కు ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడతాళ్ళు గొంతుకు బిగుస్తాయి. అందుకనే పెద్దలు బండి నింపిన తర్వాత కాడిని చేత్తో ఎత్తి చూసి, నాలుగు మోపులు అటో ఇటో జరిపి, అప్పుడు ఎడ్లను కట్టేవారు. ట్రాక్టరు వచ్చాక ఆ చూపు మనలో తగ్గింది. బరువు కుదరకపోతే ఎద్దు మొరాయిస్తుంది. ట్రాక్టరు మాత్రం గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేపి వెనక్కు తిరగబడుతుంది. డ్రైవరు దాని కింద పడతాడు.

బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడే వరకు చుట్టుపట్ల చెరుకు దగ్గరి దారినే గేటుకు చేరేది. ఆ తర్వాత చెరుకు వేసినవారు కామారెడ్డి వైపు ఫ్యాక్టరీలకు తోలుకోవలసి వచ్చింది. దూరం పెరిగినకొద్దీ ఒక్క ట్రిప్పులోనే మరికొంత వేద్దామన్న ఆశా పెరుగుతుంది. అందుచేత ఈ లెక్క ఇప్పుడు మరీ అవసరం.

ముందుగా రెండు చక్రాల ట్రాలీని చూద్దాం. దాని ఇరుసును తక్కెడ ముల్లు అనుకోండి. కొక్కెం నుంచి ఇరుసుకు పది అడుగులున్నదనుకుందాం. ట్రాలీ, చెరుకు కలిసి మూడు టన్నులు. ఆ బరువు నడిమి చోటు ఇరుసుకు ఒక అడుగు ముందు వుంటే, కొక్కెం మీద పదో వంతు, అంటే 300 కిలోలు పడుతుంది. అదే ఒక అడుగు వెనుక వుంటే 300 కిలోల బలం కొక్కేన్ని పైకి లేపుతుంది. అప్పుడు ట్రాక్టరు వెనుక చక్రాలకు పట్టు పోతుంది, రోడ్డు మీద ట్రాలీ తోక వూపుతుంది. ఒక్క అడుగులో ఇంత తేడా అన్నమాట!

చెరుకు గడ మొదలు బరువు, కొస తేలిక. గడలు పొడుగునా పేర్చేటప్పుడు మొదళ్ళన్నీ ఒకే వైపు పెట్టకండి. ఒక వరస ఇటు, ఒక వరస అటు పెట్టండి. వెనుక పలక దాటి వేలాడే గడలు ఇరుసుకు బాగా దూరం గనుక, అవి కొద్దివే అయినా ఎక్కువ లాగుతాయి.

అట్లని బరువంతా ముందుకు తోయడం కూడా తప్పే. కొక్కెం మీద పడింది ట్రాక్టరు ముందు చక్రాలను తేలిక చేస్తుంది. ట్రాక్టరు మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద నిలవాలి. లేకపోతే స్టీరింగు తిప్పినా బండి తిరగదు. దీన్ని కాటా మీద చూసుకోవచ్చు. ట్రాలీ లేకుండా ముందు చక్రాలు మాత్రం కాటా మీద నిలిపి తూయండి. నింపిన ట్రాలీ తగిలించి మళ్ళీ అట్లే తూయండి. ఎంత తగ్గిందో తెలిసిపోతుంది. కొక్కెం ఎంత మోయగలదో ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో వుంటుంది, చదివించుకోండి.

అమెరికాలో కార్ల వెనుక ట్రెయిలర్లు లాగేవారు స్ప్రింగు కడ్డీల కొక్కెం వాడతారు. ఆ కడ్డీలను గొలుసులతో బిగిస్తే వెనుక ఇరుసు మీది బరువులో కొంత ముందు చక్రాలకు, కొంత ట్రెయిలరు చక్రాలకు మళ్ళుతుంది. మొత్తం బరువు మాత్రం వీసమెత్తు తగ్గదు. మన ట్రాక్టరుకు ఆ పని చేసేవి ముందు తగిలించే ఇనుప దిమ్మలు. వాటిని తీసి కొట్టం మూలన పడేసినవారు మళ్ళీ బిగించుకోవాలి.

నాలుగు చక్రాల ట్రాలీ తన బరువు తానే మోస్తుంది. కొక్కెం మీద పడేది కొద్దే. కాబట్టి తడి రేగడిలో ట్రాక్టరు చక్రాలు జారుతాయి. అప్పుడు కొందరు కొక్కేన్ని ఎత్తున తగిలిస్తారు. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. లాగే చోటు వెనుక ఇరుసు ఎత్తుకన్నా కిందనే వుండాలి. పై లింకుకు గొలుసు కట్టి లాగనే లాగవద్దు. ముందు చక్రాలు లేచిన తర్వాత రెండు సెకన్లు కూడా పట్టదు, తిరగబడుతుంది. దిగబడితే సగం చెరుకు దించండి. కూలి ఖర్చు అవుతుంది, నిజమే, కాని అదే చవక.

కాలువ గట్టు దిగేటప్పుడు న్యూట్రల్ చేయవద్దు. దిగకముందే చిన్న గేరు వేయండి. రోడ్డెక్కగానే రెండు బ్రేకు పెడళ్ళను కలిపి గొళ్ళెం పెట్టాలి. ఒక్కటే తొక్కితే ట్రాక్టరు ఆ పక్కకు తిరుగుతుంది, వెనుక ట్రాలీ వచ్చి గుద్దుతుంది.

ఇక సంరక్షణ. కొక్కెం పిన్ను పోతే చేతికందిన బోల్టో, ఇనుప కడ్డీనో దూర్చకండి, సరైన పిన్నే తెప్పించండి. పిన్ను అడుగున క్లిప్పు వుండాలి. రింగు లోపలి అంచు ఒక పక్క అరిగిందేమో, అతుకు దగ్గర పగులు పట్టిందేమో చూడాలంటే బురదా పాత గ్రీజూ తుడవాలి, లేకపోతే కనిపించదు. పగిలిన రింగు మీద మళ్ళీ అతుకు వేయించడం కన్నా కొత్తది బిగించడం మేలు. క్రషింగు నడిచినన్నాళ్ళు బోల్టులు, రెండు పక్కల టైర్ల గాలి, కాపుగొలుసు ప్రతి ఉదయం చూడండి. ఆ గొలుసు నేలకు రాసుకోకూడదు, మలుపులో బిగుసుకోకూడదు.