మూతలేని ట్యాంకు - మందులు వాడే బిడ్డ

దోమ అనగానే మనకు మురిక్కాలువ గుర్తొస్తుంది కదూ! మలేరియా దోమ సంగతి వేరు. పట్నాల్లో మలేరియా తెచ్చే అనాఫిలిస్ స్టిఫెన్సీ దోమకు మంచినీళ్ళే ఇష్టం. మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకు, సంపు, నీళ్ళు పట్టి ఉంచిన డ్రమ్ము చాలు, గుడ్లు పెట్టేస్తుంది. ఒకసారి మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు చూడండి. ఎటు చూసినా కొత్త కట్టడాలే. స్లాబు మీద క్యూరింగ్‌కి నిలబెట్టిన నీళ్ళు, లిఫ్టు కోసం తవ్విన గోతిలో వాననీళ్ళు... దోమకు ఇంతకంటే ఏం కావాలి చెప్పండి? అసలు దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ మొదట చూసింది కూడా మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న!

మలేరియా ఇప్పుడు మునుపటంతగా లేదు, నిజమే. అలాగని నిశ్చింతగా ఉండే వీల్లేని పిల్లలు కొందరున్నారు. హెచ్.ఐ.వి.తో పుట్టిన పసివాళ్ళు. రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గిన ఒంట్లో మలేరియా తొందరగా ముదురుతుంది, రక్తం తగ్గిపోతుంది.

అలాంటి బిడ్డ మీ ఇంట్లో ఉంటే ఏ.ఆర్.టి. మందులు ఒక్క పూట కూడా మానిపించకండి. వాటితోపాటు కోట్రిమోక్సజోల్ అనే మందు కూడా కొందరికి ఇస్తారు. అది న్యుమోనియా లాంటివి రాకుండా ఇచ్చేదే గానీ, మలేరియాను కూడా కొంత అడ్డుకుంటుందని ఆఫ్రికాలోని ఉగాండాలో తేలింది. అంతమాత్రాన దోమతెర మడిచి అటకెక్కించకండి! ఈ దోమ కుట్టేది చీకటి పడ్డాకే. తెర అంచులు పరుపు కిందికి దోపి, చిరుగులుంటే కుట్టి, బిడ్డను అందులోనే పడుకోబెట్టండి. పాడేరు, అరకు వైపు చుట్టాలింటికి వెళ్ళినా తెర వెంట ఉండాల్సిందే.

ఇక జ్వరం వచ్చిందనుకోండి. మందుల షాపులో అడిగి ఏదో మాత్ర వేసెయ్యకండి. చలి, వణుకు లేకపోయినా సరే, ఆ రోజే బస్తీ దవాఖానాకో, ప్రభుత్వ ఆసుపత్రికో తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించండి. బిడ్డ వాడే మందుల చీటీ డాక్టరుకి తప్పక చూపించండి. కొన్ని మలేరియా మందులు వాటితో కలిపి వాడకూడదు. నలుగురికీ తెలుస్తుందని భయపడి దాస్తే నష్టం బిడ్డకే. అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. సందేహాలుంటే 1097కి ఫోన్ చెయ్యొచ్చు, డబ్బు పడదు.

ఇరుగుపొరుగు అమ్మలకు కూడా ఒక మాట. దోమకాటుతో హెచ్.ఐ.వి. రాదు. ఆ బిడ్డతో మీ పిల్లల్ని నిశ్చింతగా ఆడుకోనివ్వండి. అయినా ఏ ఇంట్లో ఏ బిడ్డ మందులు వాడుతోందో మనకెందుకు? ఆరా తీసే ఆ ఓపికేదో ట్యాంకు మూత మీద పెడితే వీధిలోని పిల్లలందరికీ మేలు.

గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే శుక్రవారం ఇల్లు కడిగేటప్పుడే డ్రమ్ములు, కూలరు వంపేసి, అడుగు బాగా రుద్ది ఆరబెట్టండి. పక్కన కట్టడం జరుగుతుంటే మేస్త్రీకి చెప్పి నిలవనీళ్ళు తోడించండి. వినకపోతే నలుగురు ఆడవాళ్ళూ కలిసి మునిసిపాలిటీ వాళ్ళకు కాగితం రాసివ్వండి.