వరిగడ్డిని కుళ్లబెట్టే శిలీంధ్రాలు: ఎంజైమ్‌ల శక్తి, పొలంలో పరిమితులు

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో దక్షిణ పసిఫిక్ దీవులలో అమెరికా సైన్యపు నూలు గుడారాలు త్వరగా చివికిపోయేవి. సాలమన్ దీవులలో అలా కుళ్లిన గుడ్డ నుండి శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రాన్ని వేరుచేశారు. తొలుత ట్రైకోడెర్మా విరిడిగా భావించిన దీనికి, దీర్ఘకాలం దానిపై పరిశోధించిన ఎల్విన్ రీస్ పేరిట 1977లో ట్రైకోడెర్మా రీసీ అని నామకరణం చేశారు. గుడారాలను నాశనం చేసిన గుణమే నేడు పారిశ్రామిక సెల్యులేజ్ ఉత్పత్తికి ఆధారం.

సెల్యులేజ్ ఒకే ఎంజైమ్ కాదు. ఎండోగ్లూకనేజ్ సెల్యులోజ్ గొలుసును నడుమ తెంపుతుంది. సెల్లోబయోహైడ్రోలేజ్ కొసల నుండి సెల్లోబయోజ్‌ను విడదీస్తుంది. దానిని బీటా గ్లూకోసిడేజ్ గ్లూకోజ్‌గా మారుస్తుంది. ఈ మూడవది చాలకపోతే పేరుకున్న సెల్లోబయోజ్ మిగిలిన రెండింటి పనిని మందగింపజేస్తుంది. రీసీలోని లోపం ఇదే. ఆస్పర్జిల్లస్ నైగర్‌లో బీటా గ్లూకోసిడేజ్ సమృద్ధిగా ఉండటం వల్ల మిశ్రమ కల్చర్లకు ప్రాధాన్యం ఏర్పడింది.

వరిగడ్డి నూలుగుడ్డ వంటిది కాదు. అందులోని సెల్యులోజ్‌ను లిగ్నిన్, సిలికా కాపాడుతుంటాయి. లిగ్నిన్‌ను ఛేదించే శక్తి ట్రైకోడెర్మాకు స్వల్పం. ముత్యపుచిప్ప పుట్టగొడుగు వంటి తెల్లకుళ్లు శిలీంధ్రాలకు అధికం. తెగుళ్ల నివారణకు ఎంపిక చేసిన ట్రైకోడెర్మా రకమే గడ్డినీ కుళ్లబెడుతుందని రైతుకు చెప్పడం సరికాదు. ఆ రకాన్ని ఎంచుకున్న ప్రమాణం వేరు.

అసలు చిక్కు పొలంలో ఉంది. యంత్రంతో కోసిన వానాకాలపు వరి మడిలో గడ్డి పరచుకొని ఉంటుంది. యాసంగి నాట్లకు వ్యవధి తక్కువ. కల్చర్ చల్లిన వెంటనే నీరు నిలిపి దమ్ము చేస్తే, గాలి అవసరమైన ఈ శిలీంధ్రాల పని దాదాపు ఆగిపోతుంది. సగం కుళ్లిన గడ్డి నుండి సేంద్రియ ఆమ్లాలు, మీథేన్ వెలువడతాయి. ఎండిన గడ్డిపై చల్లినా ప్రయోజనం ఉండదు. గడ్డిని ముక్కలు చేసి, తేమ నిలిపి, నీరు నిలవకుండా మూడు వారాలైనా ఉంచాలి. ఆ వ్యవధి లేని రైతు నిప్పు పెడతాడు. గడ్డిలోని నత్రజని దాదాపు మొత్తం పొగలో పోతుంది.

నత్రజని లెక్కను విస్తరణ శాస్త్రజ్ఞులు విస్మరించరాదు. ఉదాహరణకు టన్ను గడ్డిలో 400 కిలోల కర్బనం, 6 కిలోల నత్రజని ఉన్నాయనుకుందాం. కర్బన-నత్రజని నిష్పత్తిని 30:1కు తేవాలంటే మరో 7 కిలోల నత్రజని, అంటే సుమారు 16 కిలోల యూరియా కావాలి. పేడ వేస్తే ఆ మేరకు తగ్గుతుంది. ఏదీ వేయకపోతే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే తీసుకుంటాయి. నాటిన పైరు తొలి వారాలలో పసుపుబారుతుంది. అప్పుడు రైతు తప్పుపట్టేది కల్చర్‌నే.