వంతుల ఆటకు వేళ కుదుర్చుకోవడం

బ్యాంకు ఉద్యోగికీ, ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు చేసేవారికీ ఒక పోలిక ఉంది. ఇద్దరికీ సాయంత్రం తమ చేతిలో ఉండదు. మనకు క్యాష్ టాలీ కాకపోతే ఆలస్యం, సెప్టెంబరు, మార్చి ముగింపుల్లో మరీ ఆలస్యం. నేనుంటున్న భిలాయి క్యాంప్ 1లో ఇరుగుపొరుగు వారికి షిఫ్టు మారితే నిద్రవేళ, భోజనవేళ అన్నీ మారిపోతాయి. అలాంటి ఇంట్లో పిల్లవాడు "నాన్నా, ఒక్క ఆట ఆడదాం రా" అంటే ఎప్పుడు కూర్చోవాలి?

వీడియో గేములన్నీ ఒక రకం కావు. కొన్నిటిలో కాలం ఆగదు. మధ్యలో ఫోన్ వచ్చినా, కుక్కర్ విజిల్ వేసినా, మీరు తల తిప్పేలోపు ఆట పోతుంది. ఇంకొన్ని వంతుల ఆటలు. మీ ఎత్తు మీరు వేసేదాకా అవతలివాడు కదలడు. లేచి వెళ్ళి పప్పు తాలింపు పెట్టి వచ్చినా సైన్యం ఉన్నచోటే ఉంటుంది. ఇది మనకు కొత్తేమీ కాదు. అష్టాచమ్మా వంతుల ఆటే. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులి-మేక అయితే అచ్చమైన వ్యూహాల ఆట. పాత గుళ్ళ మండపాల్లో రాతి నేల మీద ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి.

వంతుల ఆటకు ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, ఇద్దరూ ఒకేసారి కూర్చోనక్కర్లేదు. వెనకటికి చదరంగం ఆటగాళ్ళు పోస్టుకార్డు మీద ఎత్తు రాసి పంపి, జవాబు కోసం రోజుల తరబడి ఎదురుచూసేవారు. అలా ఆడేవారి అంతర్జాతీయ సమాఖ్య 1951లోనే ఏర్పడింది. ఇప్పుడు ఆ పని ఫోన్ చేస్తోంది. లీచెస్ అనే ఉచిత చెస్ యాప్‌లో ఒక్కో ఎత్తుకు ఒక రోజు నుంచి పద్నాలుగు రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు. ప్రకటనలు ఉండవు. పిల్లల ఖాతాకు కిడ్ మోడ్ పెడితే చాటింగ్ ఆగిపోతుంది.

మా పై అంతస్తులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన అన్నగారు ఉన్నారు. ప్లాంటులో ఉద్యోగం. కొడుకు పన్నెండో తరగతి, పైగా కోచింగ్. ఈయన సెకండ్ షిఫ్టు చేసే వారంలో తండ్రీకొడుకులు ఒకరినొకరు మెలకువగా చూడటమే అరుదు. మాటలన్నీ అమ్మ ద్వారానే, అవీ ఫీజు గురించో మార్కుల గురించో. ఇద్దరికీ మూడు రోజుల గడువుతో ఒక చదరంగం ఆట మొదలుపెట్టించాను. రోజుకు ఒకటి రెండు ఎత్తులు, ఐదు నిమిషాల పని. "తమ్ముడూ, వాడు గుర్రాన్ని ఎందుకు వెనక్కి తీశాడో రాత్రంతా ఆలోచించాను, పొద్దున్నే లేపి అడిగేశాను" అని మెట్ల దగ్గర చెప్పారాయన. ఆ అడగడం కోసమైనా ఈ ఆట పనికొచ్చిందని నా అభిప్రాయం.

అయితే వంతుల ఆటలో ఒక ఉచ్చు ఉంది. ఆట మన కోసం ఆగుతుంది గానీ మనల్ని ఆపదు. 1991లో వచ్చిన సివిలైజేషన్ ఆడినవారికి 'ఇంకొక్క వంతు' అనే జబ్బు బాగా తెలుసు. ఒక నగరంలో ధాన్యాగారం రెండు వంతుల్లో పూర్తవుతుంది. ఈలోగా ఓడ తీరం చేరబోతుంది, అది చేరేసరికి కొత్త విద్య చేతికి రాబోతుంది. అన్నీ ఒకేసారి ముగిసే ఘట్టం రానే రాదు. అందుకే పదింటికి కూర్చున్నవాడు ఒంటిగంటకు లేస్తాడు. దీని ఆరో భాగంలో మామూలు వేగంతో ఒక ఆటకు 500 వంతులు. 'ఆన్‌లైన్' అనే వేగం ఎంచుకుంటే 250. అదీ ఎక్కువే. పనిరోజుల్లో దాని జోలికి పోవద్దంటాను. రెండో శనివారం, నాలుగో శనివారం ఉన్నాయి కదా!

పనిరోజులకు చిన్న ఆటలు మేలు. 2016లో వచ్చిన పాలిటోపియాలో ఒక పద్ధతి సరిగ్గా 30 వంతులకు ముగిసిపోతుంది. ఒకే ఫోన్‌ను చేతులు మార్చుకుంటూ ఇంటిల్లిపాదీ ఆడవచ్చు. 2018 నాటి ఇన్‌టు ద బ్రీచ్ చదరంగంలాగే ఎనిమిది గళ్ళకు ఎనిమిది గళ్ళ పలక. ఒక్కో పోరు కొద్ది వంతుల్లోనే తేలిపోతుంది. ఇక్కడ ఆగడానికి ఆటే చోటు చూపిస్తుంది.

మేనేజ్‌మెంట్ చదువులో సెటప్ టైమ్ అని ఒక మాట నేర్పుతారు. యంత్రాన్ని ఒక పని నుంచి ఇంకో పనికి సిద్ధం చేయడానికి పట్టే సమయం. పెద్ద ఆటలో ఇదే అసలు ఖర్చు. నాలుగు రోజుల తర్వాత తెరిస్తే ఎవరితో యుద్ధం, ఎందుకు యుద్ధం అన్నది గుర్తు తెచ్చుకోవడానికే పావుగంట పోతుంది. దానికి మన బ్యాంకు పద్ధతే మందు. బదిలీ మీద వెళ్ళే అధికారి ఛార్జ్ అప్పగించేటప్పుడు నోట్ రాసిపెట్టినట్టు, ఆట మూసేముందు కాగితం మీద రెండు లైన్లు రాసుకోండి: 'ఉత్తరాన సంధి, తర్వాత రేవు కట్టాలి.' కూర్చునే ముందే ఎన్ని వంతులో అనుకోండి. గంటలు లెక్కపెట్టుకుంటే గడియారం చూడటం మరిచిపోతాం, వంతుల సంఖ్య తెర మీదే కనిపిస్తుంది. బ్రాంచి కంప్యూటర్‌లో మాత్రం వద్దు, ఆడిట్‌కు మనం చాలా విషయాల్లో జవాబు చెప్పాలి!

వేళ కుదిరిందనుకున్నది ఎవరి వేళ అన్నది ఇంట్లో అడిగి తెలుసుకోవాలి. భర్త ఆటకు దొరికిన అరగంట భార్య గిన్నెలు తోమిన అరగంట అయితే అది కుదిరినట్టు కాదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనం కూడా ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ళెదుట కనిపిస్తున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఏడాది పాటు ఇవి కనిపిస్తేనే వ్యాధి అంటారు. పిల్లవాడు ఒక ఆదివారం ఎక్కువ ఆడాడని కంగారు పడనక్కర్లేదు.

ఇక డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల సంగతి వేరు. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం వాటిని నిషేధించింది, వాటికి చెల్లింపులు జరపకూడదని బ్యాంకులనూ కట్టడి చేసింది. నేను చెప్పిన ఆటల్లో పందెం లేదు, పోతే గుర్రమో ఏనుగో పోతుంది.

పై అంతస్తులో మొదటి ఆట కొడుకు గెలిచాడు. బోర్డు పరీక్షలు దగ్గరపడుతున్నాయి కనుక రెండోది పద్నాలుగు రోజుల గడువుతో పెట్టుకున్నారు. ప్రస్తుతం వంతు తండ్రిది.