బుర్ర చెడిందనుకునే ముందు బ్యాటరీ చూడాలి

ఆదివారం సెలవు. సోమవారం పొద్దున్నే షెడ్డు తాళం తీసి లేతు స్విచ్చి వేస్తారు. తెర వెలుగుతుంది గాని, దాని నిండా అలారం నంబర్లే. శనివారం సాయంత్రం దాకా నిక్షేపంలా తిరిగిన మిషను కదలదు, మెదలదు. బుధవారానికి ఇవ్వాల్సిన పంపు షాఫ్టులు బల్ల మీదే ఉండిపోతాయి. ‘బోర్డు పోయింది’ అని ఎవరో ఒక మాట అనేస్తారు. యజమాని గుండెల్లో రాయి పడుతుంది.

హైదరాబాదు బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పని నేర్చుకుని సొంతంగా షెడ్డు పెట్టుకునేవారికి కొత్త సి.ఎన్.సి. లేతు అందని పండే. అప్పో సప్పో చేసి పాతది కొంటారు. చక్రాలు చేత్తో తిప్పే పని లేకుండా, అంకెల్లో రాసిచ్చిన ఆజ్ఞల ప్రకారం కంప్యూటరే పనిముట్టును నడపడం సి.ఎన్.సి. పద్ధతి. 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఇలా అంకెలతో నడిచే మిల్లింగు మిషనును ప్రదర్శించినప్పుడు ఆజ్ఞలన్నీ కాగితపు టేపు మీద చిల్లుల రూపంలో ఉండేవి. ఇక పాత లేతుల్లో తరచు కనిపించేది జపాను కంపెనీ ఫానుక్ 1985లో తెచ్చిన సున్నా సిరీస్ కంట్రోలు. మొండి ఘటం. సరిగ్గా చూసుకుంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

దీని ప్రాణం మూడు టార్చిలైటు బ్యాటరీల్లో ఉంది! మోటార్లు ఏ రకానివి, పనిముట్టు ఎంత దూరం జరగాలి, మిషనుకు ఏయే సదుపాయాలున్నాయి అనే వివరాలను పారామీటర్లంటారు. మిషను జాతకం అనుకోవచ్చు. కరెంటు లేనప్పుడు ఆ జాతకాన్ని కాపాడేది ఈ మూడు పెద్ద సెల్లులే, అన్నీ కలిపి నాలుగున్నర వోల్టులు. అవి నీరసిస్తే తెర మూల ‘బ్యాట్’ అనే అక్షరాలు మిణుకుమంటాయి. పని తొందరలో ఎవరూ పట్టించుకోరు. సెలవు రోజున మిషను ఆగి ఉండగా అవి కాస్తా అయిపోతాయి. సోమవారానికి జాతకం మాయం.

సెల్లులు ఏడాదికోసారి మార్చుకోవాలి. అదీ మిషను ఆన్‌లో ఉండగానే. ఏ పనికైనా ముందు స్విచ్చి ఆపమనేది చిన్నప్పటి పాఠం గదా, ఇక్కడ మాత్రం అదే తిరకాసు. ఆపి సెల్లులు తీస్తే ఉన్నదంతా చెరిగిపోతుంది. అందుకే పక్కనున్న తీగల జోలికి పోకుండా, తెలిసిన మనిషి చేత, లీకు కాని ఆల్కలైన్ సెల్లులే వేయించాలి.

జాతకం పోతే మళ్లీ రాసుకోవచ్చు. మిషను తయారీదారు ఇచ్చిన పారామీటర్ల కాగితం కంట్రోలు పెట్టె తలుపు లోపలి సంచిలో ఉంటుంది. ముఖ్యంగా 900 వరుస నంబర్లు ఆ మిషనుకే ప్రత్యేకం, పక్క షెడ్డు లేతువి ఎక్కిస్తే కుదరదు. పాత మిషను కొనేవారు బేరం తెగే ముందే ఆ కాగితం అడగాలి. అది లేకుంటే, మిషను బాగా నడుస్తున్నప్పుడే తెర మీది పేజీలన్నీ ఒక్కొక్కటిగా ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోవాలి.

ఎర్ర దీపం వెలిగితే

కంట్రోలుకు కరెంటు ఇచ్చే భాగం మీద రెండు చిన్న దీపాలుంటాయి. పచ్చది వెలిగితే బయటి కరెంటు అందుతున్నట్టు. ఎర్రది వెలిగితే లోపలి సరఫరాలో లోపమున్నట్టు. అంతమాత్రాన ఆ భాగమే కాలిందని కాదు. చాలాసార్లు దొంగ బయట ఉంటాడు. కూలెంటు నీళ్లలో నానిన లిమిట్ స్విచ్చో, ఇనప రజను ఒరుసుకుని తొక్క లేచిన తీగో 24 వోల్టుల లైనును భూమికి కలిపేస్తుంది, ఫ్యూజు పోతుంది. ఫ్యూజు మార్చడంతోనే సరిపెడితే రెండోదీ పోతుంది. కరెంటు ఆపి, బయటికి పోయే తీగలు ఒక్కొక్కటే విప్పి మల్టీమీటరుతో చూసుకుంటూ పోతే దొంగ దొరుకుతాడు.

పనిముట్టును అడ్డంగా జరిపే మోటారుకు ఒక డ్రైవు, పొడుగునా జరిపేదానికి ఇంకో డ్రైవు ఉంటాయి. 414 అలారం వస్తే మొదటిదాని వైపు, 424 వస్తే రెండోదాని వైపు తంటా ఉన్నట్టు. రెండు డ్రైవులూ ఒకే రకం, ఒకే సైజువైతే మెకానిక్కులు వాటిని తారుమారు చేసి చూస్తారు. అలారం కూడా అటునుంచి ఇటు మారితే తప్పు డ్రైవుదే. మారకపోతే మోటారు, దాని తీగలు చూడాలి. మోటారు కనెక్టరులో కూలెంటు చేరడం కొత్తేమీ కాదు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు. మన 415 వోల్టుల కరెంటును ట్రాన్స్‌ఫార్మరుతో 200కు దించి ఈ డ్రైవులకు ఇస్తారు. లోపల అది డి.సి.గా మారి 250 వోల్టులు దాటుతుంది. మెయిన్ ఆపిన తరవాత కూడా కెపాసిటర్లలో కాసేపు నిలిచి ఉంటుంది. కనీసం పది నిమిషాలు ఆగి, మీటరుతో కొలిచి చూశాకే చెయ్యి పెట్టాలి. ఐ.టి.ఐ. పాసై కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఈ సంగతి దగ్గరుండి చూపించాలి.

వేసవిలో కంట్రోలు పెట్టె తలుపు బార్లా తీసి టేబులు ఫ్యాను పెట్టే అలవాటు షెడ్లలో ఉంది. చల్లగానే ఉంటుంది గాని, గాలితో పాటు పోత ఇనుము పొడి కూడా లోపలికి పోతుంది. ఆ పొడి గుండా కరెంటు పారుతుంది. నిజంగా బోర్డు పోయేది ఇలాగే. తలుపు మూసి, దాని జల్లెడను నెలకోసారి కడిగి ఆరబెడితే అయ్యే ఖర్చు సబ్బు ముక్క.

ఇవన్నీ చూశాక కూడా మిషను మొరాయిస్తే అప్పుడు బోర్డు విప్పొచ్చు. పాత బోర్డుల్లో మొదట ఎండిపోయేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. పైభాగం ఉబ్బినా, అడుగున జిగురులా కారినా చూడగానే తెలిసిపోతుంది. టంకం పని బాగా వచ్చినవాడు వాటిని మార్చగలడు. కొత్త బోర్డుకు అడ్వాన్సు కట్టే ముందు ఆ పాత బోర్డును అలాంటివాడికి ఒకసారి చూపించాలి.