నూనెలో కరిగిన సాక్ష్యం

మూకుడులో నూనె ఎంత కాగిందో చెయ్యి తిరిగిన వంటమనిషి వాసన పట్టి చెప్పేస్తుంది. సబ్‌స్టేషన్‌లోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ జబ్బు కనిపెట్టే విద్య కూడా ఇంచుమించు అలాంటిదే. ఉక్కు ట్యాంకులో రాగి వైండింగులు, వాటికి చుట్టిన కాగితం, అన్నిటినీ ముంచెత్తిన వేల లీటర్ల నూనె. విప్పి చూడాలంటే కరెంటు ఆపాలి, నూనె తోడాలి. అందుకే కొద్దిగా నూనె పట్టి ల్యాబుకు పంపి, అందులో కరిగిన వాయువులను కొలుస్తారు.

వేడెక్కితే నూనె అణువులు విరుగుతాయి. ఓ మోస్తరు వేడికి మీథేన్, ఈథేన్ ఎక్కువగా వస్తాయి. వేడి ముదిరేకొద్దీ ఎథిలీన్ పెరుగుతుంది. ఎసిటిలీన్ గట్టిగా కనిపించిందంటే లోపల ఎక్కడో నిప్పురవ్వ లేచిందనే అనుమానించాలి. వెల్డింగ్ షాపులో మండే వాయువే అది. కాగితం మాడితే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. నాకు అన్నిటికంటే భయం గొలిపేది ఇదే. నూనెను వడకట్టొచ్చు, మార్చొచ్చు. మాడిన కాగితం మాత్రం వైండింగు విప్పితే తప్ప బాగుపడదు.

1921లో జర్మనీకి చెందిన మాక్స్ బుకోల్జ్, బుడగలు పోగైతే హెచ్చరించే రిలేను కనిపెట్టాడు. గ్యాసు పుట్టిందని అది చెబుతుంది. ఎందుకు పుట్టిందో చెప్పదు. ఆ పని తర్వాత వాయువుల నిష్పత్తుల పట్టికలు అందుకున్నాయి. 1974లో కెనడా శాస్త్రవేత్త మిషెల్ డువాల్ మీథేన్, ఎథిలీన్, ఎసిటిలీన్ పాళ్లతో గీసిన త్రిభుజాన్ని ఇంజినీర్లు ఇప్పటికీ వాడుతున్నారు. పట్టికలతో ఒక చిక్కుంది: కొన్ని అంకెలు ఏ గడిలోనూ ఇమడవు. అప్పుడు పట్టిక మూగబోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం లోపల కాగుతూనే ఉంటుంది.

1996లో అమెరికాలో జాంగ్, డింగ్, లియు, గ్రిఫిన్ అనే నలుగురు ఈ పనిని న్యూరల్ నెట్‌వర్క్‌కు అప్పగించి చూశారు. పని రెండు అంచెల్లో జరిగింది: లోపం ఏమిటన్నది ఒకటి, కాగితం దాకా పాకిందా లేదా అన్నది మరొకటి. గీతలు ఎక్కడ గీయాలో దానికి ఎవరూ చెప్పరు. పాత కేసుల వాయువుల అంకెలిచ్చి జవాబు అడుగుతారు. తప్పు చెబితే, ఏ వాయువుకు ఎంత బరువివ్వాలో ఆ తప్పును బట్టి కొద్దికొద్దిగా సవరిస్తారు. వేల సార్లు అలా దిద్దాక, గడుల మధ్య పడే అంకెలకూ అది జవాబు చెప్పగలుగుతుంది.

అయితే దిద్దడానికి సరైన జవాబు ముందే తెలిసుండాలి. ఆరోగ్యంగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ల లెక్కలు కుప్పలుగా దొరుకుతాయి, చెడినవి అరుదు. అలాంటి లెక్కలతో చదువుకున్న నెట్‌వర్క్ అన్నిటికీ ‘బాగానే ఉంది’ అనేసినా చాలాసార్లు గెలుస్తుంది. 2001లో డువాల్, డిపాబ్లో కలిసి, విప్పి కళ్లారా చూసి నిర్ధారించిన కేసుల పట్టికను ప్రచురించారు. లోపాలున్నవి అందులో వందకు కాస్త పైన. తర్వాత వచ్చిన పరిశోధకులు ఎందరో తమ నెట్‌వర్కులకు వాటితోనే పాఠం చెప్పారు. ఆ పట్టికలో ఒక్క వరుస చేరాలంటే, ఎక్కడో ఒక పాడైన ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎవరో విప్పి, నల్లబడ్డ కాగితం ఏ వైండింగులో ఉందో వెతికి రాసిపెట్టాలి.