హోప్ ఐలాండ్

హోప్ ఐలాండ్ (హోప్ దీవి) ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని కాకినాడ నగరానికి ఎదురుగా, బంగాళాఖాతములో ఉన్న ఇసుక దీవి. 2022లో కాకినాడ జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. దీవి పొడవు సుమారు 16 కిలోమీటర్లు. దీవికి, తీరానికి మధ్యనున్న సముద్ర భాగమే కాకినాడ అఖాతం.

ఏర్పడిన విధము

ఈ దీవి వయసు సుమారు 200 ఏళ్ళు మాత్రమే. గౌతమి గోదావరి సముద్రంలోకి తెచ్చే ఇసుకను తీరం వెంబడి సాగే అలలు ఉత్తర దిశగా నెట్టడం వలన, అది సన్నని పట్టీగా పేరుకొని క్రమంగా పెరిగింది.

ప్రాముఖ్యత

ఉప్పెనలకు ఈ తీరం పెట్టింది పేరు. 1789, 1839 సంవత్సరాలలో వచ్చిన తుపానులు సమీపంలోని కోరింగ ఓడరేవును తీవ్రంగా దెబ్బతీశాయి. హోప్ దీవి బహిరంగ సముద్రపు అలలకు అడ్డుగోడగా నిలుస్తుంది. అందువలన అఖాతంలోని నీరు చాలావరకు ప్రశాంతంగా ఉండి, ఓడలు లంగరు వేయడానికి అనువుగా ఉంటుంది. కాకినాడ రేవు అభివృద్ధికి ఇది ఒక ముఖ్య కారణం.

ఐతే దీని ప్రభావం అంతటా ఒకే విధంగా లేదు. దీవి చాటున కాకినాడ సురక్షితంగా ఉండగా, ఆ చాటు దాటిన తరువాత ఉత్తరాన ఉన్న ఉప్పాడ తీరం అలల తాకిడికి ఏళ్ళ తరబడి కోతకు గురవుతున్నది. అక్కడ ఇళ్ళు, రోడ్డు పలుమార్లు దెబ్బతిన్నాయి. తీరం వెంట ఉత్తరానికి సాగవలసిన ఇసుకను దీవి, అఖాతం నిలిపివేయడం ఇందుకు ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

జనజీవనము, జీవజాలము

దీవిలో జనాభా చాలా తక్కువ. నివసించేవారు మత్స్యకారులు. తీరం నుండి ఇక్కడికి పడవలలోనే చేరుకోవాలి. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. అఖాతానికి దక్షిణాన మడ అడవులతో కూడిన కోరింగ వన్యప్రాణి అభయారణ్యం ఉన్నది. దీనిని 1978లో ఏర్పాటు చేశారు.

భవిష్యత్తు

దీవికి ఆధారం గోదావరి తెచ్చే ఇసుకే. నదిపైన, ఉపనదులపైన కట్టిన ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవడంతో సముద్రానికి చేరే మేట తగ్గింది. సముద్ర మట్టం కూడా పెరుగుతున్నందున, నగరాన్ని కాపాడే ఈ దీవి మనుగడ ఎగువన నదిలో జరిగే మార్పులతో ముడిపడి ఉన్నది.

ఇవి కూడా చూడండి

కాకినాడ
ఉప్పాడ
కోరింగ వన్యప్రాణి అభయారణ్యం