కుంటలో పుట్టని చేప: బాసర ప్రాంతంలో చిన్న నీటివనరుల మత్స్యసేకరణ

కందకుర్తి వద్ద తెలంగాణలో ప్రవేశించిన గోదావరి బాసర మీదుగా శ్రీరాంసాగర్ జలాశయానికి సాగుతుంది. పరిసర గ్రామాలలో వానకు నిండి వేసవికి అడుగంటే కుంటలు, చిన్న చెరువులు ఉన్నాయి. కట్ల (బొచ్చె), రోహు (రవ్వ), మృగాల వంటి చేపలు నదిలో పుట్టి పెరుగుతాయి. కుంటలో పెరుగుతాయే గాని పుట్టవు. కుంటలోని చేపలవేటను ప్రధానంగా నిర్ణయించేది ఈ భేదమే.

ఈ మూడు జాతులు వర్షాకాలపు వరద ప్రవాహంలో గుడ్లు పెడతాయి. నిలువ నీటిలో తల్లిచేప గర్భం నిండినా సహజంగా గుడ్లు విడువదు. అందువల్ల పూర్వం చేపవిత్తనాన్ని నదుల నుండే సేకరించేవారు. 1957లో హీరాలాల్ చౌదరి పీయూషగ్రంథి సారాన్ని సూదిమందుగా ఎక్కించి ఈ చేపల చేత గుడ్లు పెట్టించడంతో విత్తనోత్పత్తికి నదిపై ఆధారపడవలసిన అవసరం తగ్గింది. అయినా కుంటలో ఏటా కొత్త పిల్లలను వదలక తప్పదు.

కట్ల పై నీటిలో, రోహు నడిమి నీటిలో, మృగాల అడుగున మేత వెతుక్కుంటాయి. కనుక ఒకే కుంటలో మూడింటినీ కలిపి పెంచవచ్చు. కాని తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొరమీను స్వభావం వేరు. అది నిలువ నీటిలోనే సంతానోత్పత్తి చేస్తుంది, వదిలిన పిల్లలను తింటుంది.

2016లో తెలంగాణ ప్రభుత్వం మత్స్యకారులకు ఉచితంగా చేపపిల్లల పంపిణీ ఆరంభించింది. ఏడాది పొడవునా నీరుండే జలాశయాలకు 80–100 మిల్లీమీటర్ల పిల్లలను, కాలానుగుణంగా ఎండే చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలను నిర్దేశించారు. ఇందులో ఒక వైరుధ్యం ఉన్నది: ఎదుగుదలకు గడువు తక్కువగా ఉన్న చోటనే పిల్ల చిన్నది. చిన్న పిల్ల కొరమీనుకు సులభంగా ఆహారమవుతుంది. పిల్లలను వదలడం ఆలస్యమైతే మిగిలినవి తగిన బరువుకు రాకముందే నీరు తరిగిపోతుంది.

ఆ నీటిపై హక్కు మత్స్యకారులది మాత్రమే కాదు. యాసంగి వరికి తూము తెరిచిన ప్రతిసారీ చేపకు ఆవాసం కుంచించుకుపోతుంది. మత్తడి దుంకినప్పుడు అడ్డుగా వల కట్టకపోతే చేపలు వరదతో పోతాయి. సహకార సంఘాలలోని ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల ఆదాయం ఈ రెండు నష్టాల నడుమ నిలిచి ఉన్నది.

కాబట్టి వదిలిన పిల్లల సంఖ్య ఒక్కటే కుంట ఫలసాయానికి కొలమానం కాజాలదు. వదిలిన తేదీ, పిల్ల పరిమాణం, తూము తెరిచే కాలం — ఈ మూడింటినీ కలిపి నమోదు చేసినప్పుడే మత్స్యకారుని వలకు అందినదెంతో, అందనిదెందుకో తెలుస్తుంది.